గోగునార రంగు కుక్కపిల్ల

మేస్త్రిగారింట్లో కుక్కపిల్ల పేరు గోగు. నెల్లిమర్లలో ఈ పేరుకి అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లలో గోగు వేసి, కోసి, చెరువుల్లో ఊరబెట్టి, నార తీసి ఎండబెట్టి, బళ్లకెత్తి జూట్ మిల్లుకి తోలిన కాలం చాలామందికి గుర్తే. బాగా ఉతికి ఎండిన నార బంగారు చాయలో మెరుస్తుంది. ఆ మిల్లులోనే కార్డింగ్ సెక్షన్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మేస్త్రిగారికి, కొడుకు అట్టపెట్టె మూత తియ్యగానే లోపల కనిపించింది కుక్కపిల్ల కాదు, మేలురకం నారచుట్ట! ‘‘ఇది మొదటిరకం గోగురా’’ అన్నారు. పేరు అక్కడికక్కడే ఖాయమైపోయింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలు రాసిపెట్టుకున్న బ్రూనో, కోకో, సింబాలు నోటుపుస్తకంలోనే ఉండిపోయాయి.

కొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ శనివారం సాయంత్రం రైలుకి ఇంటికొస్తాడు. కోడలు పక్క ఊళ్లో టీచరు. కూతురు రెండేళ్లుగా కుక్కపిల్ల కావాలని పోరుతోంటే, ఆ ఆషాఢమాసపు శనివారం ఎనిమిది వేలు పోసి లాసా ఆప్సో పిల్లని తెచ్చాడు. తెచ్చేముందు ఇంట్లో ఎవరినీ అడగలేదు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది ఎవరు? మేస్త్రిగారు, మామ్మ. బడికెళ్లేవాళ్లు బడికి, ఆఫీసుకెళ్లేవాళ్లు ఆఫీసుకి వెళ్లిపోతే, కుక్కపిల్ల చాకిరీ ఎవరి నెత్తిన పడుతుందో లెక్క తేలిపోయింది.

‘‘ఓలమ్మో, ఇదేటి! కళ్లెక్కడున్నాయో కూడా కనపడ్డం లేదు. ఎవులు తెచ్చినారో ఆల్లే సూసుకోండి. దాని సాకిరీ నావల్ల కాదు’’ అని మామ్మ ముందే చెప్పేసింది. వంటింటి గడప, దేవుడి గది గడప దాటకూడదని షరతు కూడా పెట్టింది. ఆవిడ మాటలో అన్యాయం ఏముంది? డెబ్భై ఏళ్ల దగ్గర కొత్తగా పసిబిడ్డని సాకమంటే ఎవరికైనా విసుగే. పెంపుడు కుక్క అనగానే రంగు, జాతి, ధర చూసుకుంటారుగానీ పగలు రెండింటికి అది ఎవరి దగ్గర ఉంటుందన్నది మాత్రం చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు.

మన ఊళ్లలో బొచ్చుకుక్కపిల్లల మోజు ఎప్పటికప్పుడు మారుతూనే వచ్చింది. 1994లో ‘హమ్ ఆప్కే హై కౌన్’ సినిమా వచ్చాక వీధికో తెల్లకుక్క, దానికి టఫీ అని పేరు. అది పమేరియన్ అని అందరూ అనుకున్నారుగానీ, నిజానికి మన దేశంలో పెరిగిన ఇండియన్ స్పిట్జ్. ఇప్పటికీ పమేరియన్ పేరుతో మన దగ్గర అమ్ముడయ్యేవాటిలో చాలావరకు స్పిట్జ్‌లే. తర్వాత 2003 ప్రాంతంలో సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో కుర్రాడి వెంట నడిచిన ముడతల మొహం పగ్ వచ్చింది. ఇప్పుడు షిడ్జూలు, లాసాలు. లాసా ఆప్సో పుట్టిల్లు టిబెట్. మంచుకొండల మీద బౌద్ధ ఆరామాల్లో వాకిలి బయట పెద్ద మాస్టిఫ్ కాపలా ఉంటే, లోపలి కాపలా ఈ చిట్టిదానిది. దీన్ని అమ్మడంకన్నా కానుకగా ఇవ్వడమే అక్కడి ఆనవాయితీ. పదమూడో దలైలామా 1933లో అమెరికన్ యాత్రికుడు సైడమ్ కటింగ్‌కి ఓ జంటను అలాగే ఇచ్చారు. అక్కడి చలికోసం దేవుడిచ్చిన దుప్పటిని మోసుకుంటూ ఆ జాతి పిల్ల చంపావతి ఒడ్డున ఉక్కపోతలోకి వచ్చిపడింది.

వచ్చిన రాత్రి గోగు నిద్రపోలేదు, ఎవర్నీ పోనివ్వలేదు. తల్లి కడుపు వెచ్చదనం, తోబుట్టువుల ఊపిరి తప్ప మరోటి తెలియని పసిదాన్ని వరండాలో అట్టపెట్టెలో పడుకోబెడితే ఏడవక ఏం చేస్తుంది! ఒంటిగంటకి పక్కింటివాళ్ల లైటు వెలిగింది. ‘‘అలవాటైపోతాది, ఏడవనీయండి’’ అన్నాడు కొడుకు. మేస్త్రిగారు ఊరుకోలేదు. పెట్టెని తన మంచం పక్కకి తెచ్చుకున్నారు. సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, పాత తువ్వాలు చుట్టి లోపల పెట్టారు. టిక్కుటిక్కుమనే అలారం గడియారాన్ని మరో గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. చెయ్యి పెట్టెలో వేలాడేసి పడుకున్నారు. మూడో రాత్రికి చెయ్యి అక్కర్లేకపోయింది, వారం తిరిగేసరికి సీసా కూడా. మంచం పక్కన ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే ఏడుపు అలవాటవుతుందంటారు. నిజమే. ఎత్తుకోకుండా, ఒంటరిగా వదిలేయకుండా పక్కన ఉండటమన్నది మధ్యేమార్గం.

ఇక ఉచ్చ సంగతి. నిద్రలేచిన వెంటనే, తిన్న పది నిమిషాలకి, ఆడుకున్నాక... ఈ మూడు వేళలూ పసిగడితే సగం పని అయినట్టే. మేస్త్రిగారు మిల్లు సైరనంత కచ్చితంగా ఆ వేళలకి దాన్ని పెరట్లో జామచెట్టు కిందికి ఎత్తుకెళ్లేవారు. పని కాగానే ‘‘భేష్’’ అని మెడ కింద గోకేవారు. వాన రోజుల్లో వరండా మూల పాత పేపర్లు పరిచేవారు. ఆదివారం పుస్తకం మీద మాత్రం వెయ్యనివ్వనని కోడలు దాచేసేది. ఎప్పుడైనా గదిలో పోస్తే మూతి దానికేసి రాయడం, కొట్టడం లాంటివి ఇంటి పెద్దలకి తెలిసిన పాత పద్ధతులు. వాటివల్ల దానికి తెలిసేది ఒక్కటే. మనిషి ఎదుట పోస్తే ప్రమాదమని! మర్నాటినుంచి మంచం కింద పోస్తుంది.

సోమవారం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరుగారు దాని నోరు తెరిచి చూశారు. అమ్మినవాడు యాభై రోజుల పిల్ల అన్నాడు, ఒక ఇంజెక్షన్ అయిపోయిందన్నాడు. కార్డు మాత్రం లేదు. పళ్లు చూస్తే నెలా పది రోజులు దాటదన్నారు డాక్టరుగారు. ఎనిమిది వారాలు నిండకుండా కుక్కపిల్లని అమ్మకూడదని 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనలే ఉన్నాయి. అది ఊరికే పెట్టిన అంకె కాదు. ఆ వయసులోపు తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పెడుతుందో దానికి తెలుస్తుంది. బజార్లో పిల్ల ఎంత చిన్నదైతే అంత ముద్దు, అంత తొందరగా అమ్ముడుపోతుంది. కార్డు లేని టీకా వేయనట్టే లెక్క అని చెప్పి, నట్టల మందు తాగించి, ఒంట్లో కుదుటపడ్డాక వారానికి తెమ్మన్నారు. ఆవుపాలు పట్టొద్దన్నారు. అన్నంలో ఉడికించిన గుడ్డో, ఉప్పూ కారం లేని కోడిమాంసమో మెత్తగా కలిపి రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టమన్నారు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ తగలనివ్వొద్దన్నారు.

‘‘ఉల్లిపాయ కూడానా?’’ అని మామ్మ ఆశ్చర్యపోయింది. కూర పులుసు అన్నంలో కలిపి వీధికుక్కకి వేసే చెయ్యి కదా ఆవిడది. ఉల్లి కుక్కల రక్తంలో ఎర్రకణాల్ని చిదిమేస్తుందనీ, పచ్చిదైనా వేపిందైనా ఒకటేననీ మనవరాలు చదివి చెప్పింది. అప్పట్నించి కూర పొయ్యి మీదకెక్కే ముందే ఓ రెండు ముక్కలు విడిగా ఉడికించడం మొదలైంది. చాకిరీ చెయ్యనన్న మనిషే చేసింది. అయితే ఎవరూ చూడనప్పుడు.

టీకాకి రెండు రోజులుందనగా గోగు తిండి మానేసింది. పొద్దున్న ఓసారి నురగలాగా వాంతి. మధ్యాహ్నానికి మరో మూడు. సాయంత్రం విరోచనం పట్టుకుంది. దాంతోపాటే రక్తం, ఇల్లంతా ఓ రకమైన నీచువాసన. అరచేతిలో పెట్టుకుంటే తలకాయ వాలిపోతోంది. మనవరాలు బడినుంచి వచ్చి చూసి బిక్కచచ్చిపోయింది. దిష్టి తగిలిందని ఒకరు, వాము నీళ్లు పట్టమని ఒకరు. మేస్త్రిగారు ఎవరి మాటా వినకుండా తువ్వాల్లో చుట్టుకుని ఆటో ఎక్కారు.

పార్వో. మనుషులకి అంటదుగానీ కుక్కపిల్లల పాలిట మహమ్మారి. 1978లో ప్రపంచానికి తెలిసిన ఈ వైరస్ పేగుల లోపలి పొరని తినేస్తుంది. తెల్లకణాల్ని పడగొడుతుంది. దాన్ని నేరుగా చంపే మందు లేదు. ఒంట్లోంచి పోయే నీటిని సెలైన్‌తో భర్తీ చేస్తూ, వాంతులు ఆపుతూ, వేరే క్రిములు మీదపడకుండా యాంటీబయాటిక్స్ ఇస్తూ, పిల్ల తనంతట తాను పోరాడి గెలిచేవరకూ ఊపిరి నిలబెట్టడమే వైద్యం. వేళకి అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. అందకపోతే దాదాపు అన్నీ పోతాయి. చిన్నజాతి పిల్లలకి ఇంకో గండం. రెండు పూటలు తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోయి ఒళ్లు చల్లబడుతుంది.

ఆ రాత్రికి ఇక్కడే సెలైన్ ఎక్కించి, మర్నాడు పొద్దున్నే గరివిడి తీసుకెళ్లారు. అక్కడ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉంది. దాని ఆసుపత్రికి చుట్టుపక్కల మండలాల నుంచి ఆవులు, గేదెలు, మేకలు, ఇలాంటి బొచ్చుపిల్లలూ వస్తుంటాయి. పెయ్యదూడని ఆటోలో తెచ్చుకున్న ఓ రైతు, మేస్త్రిగారి ఒళ్లో మూటని చూసి ‘‘పిల్లా, పాపా బావూ?’’ అని అడిగాడట. పొట్టకి కట్టిన తువ్వాలు మడతలోంచి చెవి ఒక్కటే కనిపిస్తోంది మరి. కుందేలు కాలంత లేని ముందుకాలి బొచ్చు గొరిగి, నరం వెతికి సూది గుచ్చారు. గోగు అరవలేదు. అరవకపోవడమే మేస్త్రిగారిని భయపెట్టింది.

ఐదు రోజులు... పొద్దున వెళ్లడం, సాయంత్రం రావడం. రాత్రిళ్లు రెండు గంటలకోసారి చూడాలి. మొదటి రెండు రాత్రులు మేస్త్రిగారు మేలుకున్నారు. మూడో రాత్రి ఆయనకి బీపీ పెరిగి కళ్లు తిరిగాయి. కోడలికి మర్నాడు పరీక్షల డ్యూటీ. కొడుకు విశాఖలో. ‘‘మీరు పడుకోండి’’ అంది మామ్మ. వంటింటి గుమ్మం దగ్గర చాప వేసుకుని, వేడినీళ్ల సీసా మారుస్తూ, డాక్టరు చెప్పినట్టు గ్లూకోజు నీటి చుక్క చిగుళ్లకి రాస్తూ కూర్చుంది. నలభై ఏళ్ల కిందట తన రెండో బిడ్డ విరోచనాలతోనే పోయాడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు. ఆ రాత్రి కూడా ఎవరూ ఎత్తలేదు. తెల్లవారుజామున కోడలు మంచినీళ్ల కోసం లేచి చూసేసరికి, గోగు మామ్మ చీర కుచ్చిళ్లలో పడుకుని ఉంది. చాప గడప ఇవతల్నించి అవతలికి జరిగిపోయింది. వంటింట్లోకి!

‘‘బయట గాలి కొడతంది’’ అంది మామ్మ, కోడలు అడక్కుండానే.

నాలుగో రోజు వాంతి ఆగింది. ఐదో రోజు చెంచాడు గంజి నాకింది. ఆరో రోజు మేస్త్రిగారి చెప్పు కొరికింది. ఆ చెప్పు ఇప్పటికీ పారేయలేదు.

వ్యాధి ఎక్కణ్ణించి వచ్చిందన్నది ఎవరూ తేల్చి చెప్పలేరు. అమ్మినచోటే అంటుకుని ఉండొచ్చు, వీధిలోంచి చెప్పుల మట్టితో ఇంట్లోకొచ్చి ఉండొచ్చు. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కి లొంగదు. బ్లీచింగ్ కలిపిన నీళ్లతో నేల, గిన్నెలు, పెట్టె ఉంచిన చోటు కడగాలి. అందుకే పార్వోతో పిల్ల పోయిన ఇంట్లో వెంటనే మరో పిల్లని తేవొద్దంటారు. టీకాల వరస పూర్తయ్యేదాకా వీధిలో కింద దింపొద్దనేది కూడా అందుకే. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. ఒక్కసారి వేయించి ఊరుకోవడం ఎందుకు కుదరదంటే, తల్లిపాలతో వచ్చిన రక్షణ మిగిలి ఉన్నన్నాళ్లూ టీకా పనిచేయదు, అది ఎప్పుడు తగ్గుతుందో పిల్లపిల్లకీ తేడా. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఏటేటా మళ్లీ. జులై 6న జూనోసిస్ దినం నాడు పశుసంవర్ధక శాఖ వారు ఆసుపత్రుల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తుంటారు. 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్ తొలిసారి ఓ కుర్రాడికి ఆ టీకా ఇచ్చాడు. ఇంట్లో పెంచే చిన్నకుక్కే కదా, పసిదే కదా అని పంటిగాటుని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గాటు పడితే పావుగంటసేపు సబ్బూ నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. గోగు ఆటలో మనవరాలి వేలికి పన్ను గుచ్చుకున్నప్పుడు మేస్త్రిగారు అదే చేయించారు.

ఇలా వీధిలోకి పంపకుండా దాస్తే మరో చిక్కుంది. మూడు నెలల లోపు చూసినవే కుక్కపిల్లకి లోకం. ఆ వయసులో చూడనివి తర్వాత చూస్తే భయం. భయపడే కుక్కే కరిచే కుక్క. అందుకని మేస్త్రిగారు కోలుకున్న గోగుని భుజానేసుకుని, నేలమీద కాలు మోపనివ్వకుండా ఊరంతా చూపించారు. రైల్వే స్టేషన్లో గూడ్సు బండి చప్పుడు, సంతలో జనం, గొడుగులు, హెల్మెట్లు, గెడ్డాలు, మిక్సీ మోత... అన్నీ. దీపావళికి అది మంచం కిందికి దూరిందిగానీ వణకలేదు.

జబ్బు పడ్డ పదిహేను రోజులూ దువ్వెన తగల్లేదు. కోలుకునేసరికి బొచ్చంతా అట్టలు కట్టింది. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య గట్టిపడి చర్మాన్ని లాగేస్తోంది. మనవరాలు దువ్వబోతే కుయ్యిమని పారిపోయింది. కుంకుడుకాయతో తలంటుదామంది మామ్మ. అది కళ్లలో పడితే మంట, పైగా తడిస్తే చిక్కు ఇంకా బిగుస్తుంది. నేత చీరైనా నారైనా అంతే కదా!

ఇక్కడ మేస్త్రిగారి ముప్పై నాలుగేళ్ల అనుభవం పనికొచ్చింది. మిల్లుకొచ్చిన నార బేలుని నేరుగా యంత్రంలోకి తోస్తే తెగిపోతుంది. ముందు రోలర్ల మధ్య నలిపి, నూనే నీళ్లూ కలిపిన ద్రావణం చిలకరించి, మెత్తబడేదాకా దాన్ని అలా గుట్టవేసి ఉంచుతారు. అప్పుడు కార్డింగ్. పెద్ద పళ్ల యంత్రం ముందు, సన్నపళ్లది తర్వాత. పొడినారని లాగినవాడికి చెత్త మిగులుతుంది, తడిపి ఓపికపట్టినవాడికి పోగు వస్తుంది. ఈ మాట ఎంతమంది కుర్రాళ్లకి నేర్పారో ఆయనకే లెక్కలేదు.

అదే పద్ధతి. అరుగు మీద పాత దుప్పటి పరిచి, సీసాలో నీళ్లు పోసి అందులో కుక్కలకి వాడే కండిషనర్ చుక్క కలిపి చిలకరించారు. ఓ పావుగంట నిమురుతూ కూర్చున్నారు. తర్వాత అట్టకట్టిన చోట మొదలుని రెండు వేళ్లతో నొక్కిపట్టి, కొసల నుంచి మొదలుపెట్టి పైకి వచ్చారు. మొదలు పట్టుకుంటే లాగుడు చర్మం దాకా వెళ్లదు. ముందు వేళ్లతో, తర్వాత దూరపళ్ల దువ్వెనతో, చివర సన్నపళ్లది. ఒక చెవి అయ్యేసరికి గంట పట్టింది. గోగు విసుక్కోగానే ఆపేసేవారు. రోజుకి రెండు మూడు అట్టలే. మరీ చర్మానికి అంటుకుపోయినవాటిని డాక్టరు దగ్గర కత్తిరించారు. కత్తెర ఇంట్లో వాడితే చర్మం తెగే ప్రమాదం, అట్టకింద చర్మం ముడతపడి పైకి లేచి ఉంటుంది.

పది రోజులకి గోగు నిజంగానే మొదటిరకం నారలా అయింది. వీధిలో మిల్లు పాతకాపులు కొందరు సాయంత్రాలు అరుగు మీదకి చేరేవారు. ‘‘బ్యాచింగ్ అయినాదా మేస్త్రీ?’’ అని ఒకాయన, ‘‘ఫినిషర్ కార్డింగ్‌లో ఉందిరా’’ అని ఈయన. మిల్లు ఎన్నిసార్లు మూతపడిందీ, ఎన్నిసార్లు తెరిచిందీ, ఎవరికి బకాయిలు ఎప్పుడొచ్చాయీ... కబుర్లన్నీ ఆ దువ్వెన చుట్టూ తిరిగేవి. రిటైరయ్యాక ఆయన ఇన్ని మాటలు మాట్లాడటం చూడలేదని మామ్మ అనేది. కుక్కపిల్ల ఒకటి ఒళ్లో ఉంటే ముసలి మగాళ్లకి ఖాళీగా కూర్చున్నామన్న మొహమాటం ఉండదు కాబోలు.

అలా మొదలైన రోజువారీ దువ్వుడు ఇప్పటికీ నడుస్తోంది. పొడవు బొచ్చుకుక్కకి అది సోకు కాదు, వైద్యం. బొచ్చు పాయలు తీసి చూస్తేనే పిడుదులు కనపడతాయి. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద దాక్కుంటాయవి. పిడుదుల జ్వరాలు రక్తాన్ని విరిచేస్తాయి. దువ్విన తర్వాతే స్నానం, స్నానానికి కుక్కల షాంపూనే. మనుషుల సబ్బు వాటి చర్మానికి ఘాటు. రెండు మూడు వారాలకోసారి చాలు. పోసిన తర్వాత మొదళ్ల దాకా ఆరాలి. వానాకాలం తేమకి లోపల తడి నిలిచిపోతే చర్మం చెడి, పుండు పడుతుంది. కళ్ల మీద పడే బొచ్చు గుడ్డుకి రాసుకుని పుండు కాకుండా నడినెత్తిన మెత్తటి బ్యాండుతో పిలక కట్టాలి. ఆ పని మామ్మది. రోజుకో రంగు రిబ్బను. చాకిరీ తనవల్ల కాదని ఆవిడ ఇంకా అంటూనే ఉంది.

నాలుగో నెల దాటాక పాలపళ్లు రాలడం మొదలైంది. కుక్కకి ఇరవై ఎనిమిది పాలపళ్లు పోయి నలభై రెండు వస్తాయి. ఆ రోజుల్లో దొరికిందల్లా నములుతుంది. రిమోటు, కళ్లజోడు పెట్టె, లెక్కల పుస్తకం అట్ట పోయాయి. తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డముక్క ఇస్తే చిగుళ్లకి హాయి. మనవరాలికి దొరికిన ఒక బియ్యపుగింజంత పన్ను ఆమె కంపాస్ బాక్సులో ఉంది.

సంక్రాంతి వెళ్లి, శివరాత్రి దాటి, మార్చిలో ఎండ ముదిరింది. మధ్యాహ్నాలు గోగు నీళ్లతొట్టి పక్క గచ్చుమీద నాలుగు కాళ్లూ చాపి బోర్లా పడుకోవడం మొదలుపెట్టింది. నోరు తెరిచి ఒగర్చడమే దానికి ముఖ్యమైన చల్లదనం. చెమట పట్టేది పాదాల్లోనే. మూతి పొట్టిగా ఉండే జాతులకి ఆ ఒగర్పూ సరిగా సాగదు. పగలు పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా బయటికి తీయకూడదు. రోడ్డు మీద అరచేయి ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదమూ ఆనదు. ఎండదెబ్బ తగిలితే తడిపి, ఫ్యాను కింద పడుకోబెట్టి పరిగెత్తాలి.

బొచ్చు గొరిగించేద్దామన్నాడు కొడుకు. నున్నగా గొరిగితే ఎండ నేరుగా చర్మాన్ని కాలుస్తుంది. పమేరియన్, స్పిట్జ్‌ల్లాంటి రెండు పొరల బొచ్చు ఉన్నవాటికైతే మళ్లీ సరిగా మొలవకపోవచ్చు కూడా. లాసాకి అంగుళం ఉంచి కత్తిరిస్తే నయం. విజయనగరం తీసుకెళ్లి చేయిద్దామనుకున్నారుగానీ, మేస్త్రిగారు ఎందుకోగాని ఒప్పుకోలేదు. ఆదివారం పొద్దున్న అరుగు మీద దుప్పటి పరిచి, మొన కొట్టేసిన కత్తెర, దువ్వెన పెట్టుకుని కూర్చున్నారు. చర్మానికి దువ్వెన అడ్డం పెట్టి, దానిపైన వచ్చినంతే కత్తిరించడం. కొడుకు పట్టుకున్నాడు. మనవరాలు ఉడికించిన కోడిముక్కలు ఒక్కొక్కటే అందించింది. మధ్యలో రెండుసార్లు లేచి వీధి చివర్దాకా తిరిగొచ్చింది గోగు, సగం గడ్డంతో.

మధ్యాహ్నం పన్నెండుకి పని ముగిసింది. దుప్పటి మీద బంగారు చాయలో చిన్న గుట్ట పడింది. పిలక మాత్రం ముట్టుకోవద్దని మామ్మ ముందే చెప్పింది కాబట్టి అది అలాగే ఉంది. ఒక చెవి పక్క కాస్త పొట్టిగా, రెండోవైపు పొడుగ్గా వచ్చింది. ఆ తేడా గోగుకి పట్టలేదు, తొట్టి పక్కకి పోయి పడుకుంది. మామ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, దాన్నెత్తుకొచ్చి మళ్లీ దుప్పటి మీద కూచోబెట్టింది.

‘‘ఎడంపక్క ఇంకో రవ్వ తియ్యండి’’ అంటూ కత్తెర ఆయన చేతికిచ్చింది.